రెండో పీపా రుచి

ఉదయం ఆరున్నరకే విశాఖ స్టేషన్లో ఉన్నాను. ఆరూ ముప్పావుకి కిరండూల్ పాసింజరు. అందరూ అరకు చూడ్డానికి వెళ్తారు, నేను వాసన చూడ్డానికి బయల్దేరాను. నా స్నేహితుడు మూర్తి ఉద్యోగం వదిలేసి కొత్త వ్యాపారం మొదలెట్టాడు. చిన్న చిన్న డిస్టిలరీల్లో నచ్చిన విస్కీ పీపా కొని, తన లేబుల్‌తో సీసాల్లో నింపి అమ్మడం. విస్కీ రుచి చూసి చెప్పడం నా పని కాబట్టి, మొన్న రెండు పీపాల నుంచి రెండు బుల్లి నమూనా సీసాలు నా చేతిలో పెట్టి, ఏది కొనాలో ఇవాళ సాయంత్రంలోగా చెప్పమన్నాడు. వాడు కొనగలిగేది ఒక్కటే. అది తేడా వస్తే మనిషి మునిగిపోతాడు.

ఒకటో నంబరు రుచి చూశాను. మంచిదే, పేచీ లేదు. రెండోది వాసనతోనే నా బుర్ర తినేసింది. నిన్న పొద్దున బెల్లం పాకం, మధ్యాహ్నం తడిసిన గోనెసంచి, రాత్రి ఏదో పువ్వు. ఇప్పపువ్వేమో! అరకులో ఆ పువ్వు పక్కన పెట్టుకునే తాగి తేల్చుకుందామని, బొట్టు కూడా ముట్టకుండా దాచాను.

శృంగవరపుకోటలో ఎక్కినావిడ కాసేపు నన్నే చూసింది. "ఏటి బాబూ, ఆ బుడ్డిని అస్తమానూ వాసన సూత్తన్నావు? ఒంట్లో బాగోలేదేటి?"

"బానే ఉన్నానమ్మా. వాసనే తెలీడం లేదు."

జాలిపడి ఒక నిమ్మకాయ ఇచ్చింది. ఇక బొర్రా దాకా రెండో నంబరు నిమ్మకాయ వాసనే కొట్టింది.

పదకొండుకి అరకు. ఇడ్లీ తిని, పాడేరు రోడ్డులో షేర్ ఆటో ఎక్కి బోడన్న ఊరు చేరాను. కాఫీ రైతు, నాకు పాత పరిచయం. గుమ్మంలో వాళ్లమ్మ చాటలో ఎండిన ఇప్పపువ్వు బాగుచేస్తోంది. పువ్వు వాసన చూశాను, సీసా వాసన చూశాను. అదే! మళ్లీ చూశాను. అది కాదు. బోడన్నకిచ్చాను.

"పనసతొన వాసనొత్తంది బాబూ."

"కాదు, అగరొత్తి," అంది అతని భార్య.

నాకు రెండూ నిజమే అనిపించాయి. ఇదేం ఖర్మరా దేవుడా అనుకుంటూ, "తాగి నువ్వే చెప్పమ్మా," అని సీసా ముసలమ్మకిచ్చాను.

"ముందు పెద్దోలు తాగాల," అని ఆమె నేల మీద చుక్క వదిలింది. ఆ ఆచారం నాకు తెలిసిందే. ఒక్క చుక్కేగా అనుకున్నాను. పోయిన మొగుడికి పోసింది, అత్తకి పోసింది, మామకి పోసింది. తాగుబోతు బావగారికి కాస్త ఎక్కువే పోసింది. నా ప్రాణం విలవిల్లాడింది. పోయినవాళ్ల వంతు పోస్తుంటే చెయ్యెలా పట్టుకోను?

"మీ అయ్య ఉన్నాడా బాబూ?"

"లేడమ్మా."

"పేరేటి?"

"సూర్యనారాయణ."

మిగిలిందంతా ఆ పేరు మీద వంచేసి, ఖాళీ సీసా నా చేతిలో పెట్టింది. మా నాన్న జన్మలో మందు ముట్టలేదు. ఆ మాట చెప్పబోయి, ఖాళీ సీసా జేబులో పెట్టుకున్నాను. వాళ్లు పెట్టిన చోడి అంబలి తాగి లేచాను.

నాలుగింటికి బస్సు. ఆ రోజు అరకు ఏ వాసన వేసిందంటే ఇప్పటికీ చెప్పలేను, మనసు అంత గజిబిజిగా ఉంది. అనంతగిరి మలుపుల్లో మూర్తి ఫోను. వెనిలా, ఎండుద్రాక్ష అంటూ ఎప్పట్లా ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చు. నోరు రాలేదు.

"రెండోది తీసుకోరా. ఒకటోది పొద్దున్నుంచీ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు."

"రెండోది ఎలా ఉంది?"

"తెలీదు."

"అసలు తాగావా?"

"నేను తాగలేదు. మా నాన్న తాగాడు."

నాన్న పాడె మోసిన నలుగురిలో మూర్తి ఒకడు.

"ఏమన్నారు?" అన్నాడు మెల్లగా.

"ఏమీ అనలేదురా."

"సరే అయితే. రెండోదే."