బస్తా అడుగు చూసి కొన్న పాటల పెట్టె

నిరుడు మాఘమాసంలో పని మానేసేనాటికి నేను గుంటూరులో ఒక మిరపకాయల గ్రేడింగ్ షెడ్డులో పద్నాలుగు మంది ఆడవాళ్ల ముఠాకు మేస్త్రీని. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మేస్త్రీ అంటే గుమాస్తాకు కింద, కూలీలకు పైన. కాయను మూడు కుప్పలు చేయించడం నా పని. నిగనిగలాడే ఎర్రకాయ ఒకటి, మచ్చకాయ ఒకటి, తెల్లబారిన తాలుకాయ ఒకటి. కాయ ఎండిందో లేదో చెవి దగ్గర పెట్టి ఊపితే గింజే చెబుతుంది. గలగలమంటే ఎండినట్టు, మూగగా ఉంటే తేమ ఉన్నట్టు. బస్తాను మాత్రం మూతి దగ్గర చూడకూడదు. మూతి దగ్గర ఎవరైనా మంచికాయే పోస్తారు. పొట్టలో చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీయాలి. నలభై ఏళ్లు నేను చేసిన ఉద్యోగం ఇంతే.

పని మానేశాక నా కోసం నేను కొనుక్కున్న మొదటి వస్తువు రికార్డు ప్లేయరు. ఈ వయసులో అదెందుకని అందరూ అడిగారు. ఎందుకంటే నా దగ్గర ఒక రికార్డు ఉంది.

నా పెళ్లైన కొత్తలో పల్లెపాటలు సేకరించేవాళ్లు మా షెడ్డుకు వచ్చారు. తొడిమలు తీస్తూ మేం పాడుకునే పాటలు మిషనులో పట్టుకుని వెళ్లి, కొన్నాళ్లకు ఒక నల్ల రికార్డు పంపారు. పాట ఎత్తుకునేది నేనే కాబట్టి అది నాకిచ్చారు. చివరి పాట పట్టేటప్పుడు ఒక సంగతి జరిగింది. మా ఆయన అక్కడే హమాలీ. వీపు మీద బస్తాతో లోపలికి వచ్చి, షెడ్డు అదిరేలా తుమ్మాడు. తుమ్మి, "కానీండి, కానీండి" అన్నాడు. వచ్చినవాళ్లు మళ్లీ పాడమంటే మళ్లీ పాడాం. రెండింటిలో ఏది ఉంచారో ఎవరూ చెప్పలేదు.

ఆయన పోయి ఆరేళ్లయింది. ఫొటో ఉంది గానీ గొంతు ఎక్కడా లేదు. ఉంటే ఆ రికార్డులోనే ఉండాలి.

అన్నాళ్లూ ఎందుకు వినలేదంటే, మా ఇంట్లో మిషను లేదు. అప్పట్లో పెళ్లిళ్లకు మైకు పెట్టే అతన్ని అడిగితే, "మా మిషను ముల్లు అరిగిపోయింది అక్కా, మీ రికార్డును దున్నేసిద్ది" అన్నాడు. ఉన్నది ఒక్కటే. భయపడి ట్రంకుపెట్టెలో చీరల మధ్య దాచాను. తర్వాత ఆ మిషన్లే కనపడకుండా పోయాయి.

గుంటూరులో పాత రేడియోలు బాగుచేసే శేషగిరిరావు గారి కొట్టులో మూడు మిషన్లున్నాయని తెలిసి, రికార్డును చీరలో చుట్టుకుని పెదకాకాని నుంచి ఆటోలో వెళ్లాను. మా ముఠాలో సామ్రాజ్యం అని నాకంటే చిన్నది, ఇంకా పనిలోనే ఉంది. ఆ రికార్డులో దాని గొంతూ ఉంది కాబట్టి, అన్నం వేళకు షెడ్డు నుంచి నేరుగా కొట్టుకే వచ్చింది.

శేషగిరిరావు గారు మొదట సూట్‌కేసులాంటి ఎర్ర మిషను తీసి, తన రికార్డొకటి వేసి మొదటి పాట పెట్టారు. బాగా పలికింది.

"తీసేసుకో వదినా, నిగనిగలాడిపోతంది" అంది సామ్రాజ్యం.

"ఉండవే, అది మూతికాయ" అని, రికార్డు నడిమి బొమ్మకాగితం దగ్గరుండే చివరి పాట పెట్టమన్నాను. పాట ఎక్కడైనా పాటే కదమ్మా అని ఆయన నవ్వారు. అయితే అక్కడే పెట్టండి అన్నాను. అక్కడికి వచ్చేసరికి గొంతు చీలిపోయి, పోపులో ఆవాలు చిటపటలాడినట్టయింది.

ఆయన నవ్వు ఆపేశారు. ముల్లు లోపలికి వెళ్లేకొద్దీ చుట్టు చిన్నదై మలుపు బిగుస్తుందట. ముల్లును పట్టి ఉంచే మిషను చెయ్యి వాటం రవ్వంత తప్పినా దోషం అక్కడే బయటపడుతుందట. కొనవచ్చినవాళ్లెవరూ అక్కడ పెట్టమని అడగలేదట.

రెండో మిషనుకు బెల్టు సాగిపోయి పాట నిద్రలో నడిచినట్టు నడిచింది. మూడోది పాత చెక్కపెట్టె, మూత బందు ఊడిపోయింది, చూడటానికి ఏమీ లేదు. ఆయన దానికి కొత్త ముల్లు వేసి చివరి పాట పెట్టారు. చెవి ఆనించి విన్నాను. ఎండిన కాయలో గింజలా ప్రతి మాటా విడివిడిగా పలికింది. ఇదే నాది అన్నాను.

సరిగ్గా అప్పుడు సామ్రాజ్యం ముల్లుకు దూది పోగు అంటుకుందని వేలితో లాగేసింది. మేం పని దిగాక చేతులు మజ్జిగతో కడుక్కుంటాం. మిరప ఘాటుకు ఉత్త నీళ్లు చాలవు. ఆరోజు తొందరలో అది కడుక్కోలేదు. ఆయన కంగారుపడి, ముల్లు బాగుందో లేదో తన వేలితో తడిమి చూసుకుని, కళ్లజోడు పైకి నెట్టి కన్ను నలుపుకున్నారు. వద్దండీ అని నేను అనేలోపే రెండో కన్నూ అయిపోయింది.

"అమ్మో, అమ్మో! ఏం పూశావమ్మా?"

"మిరపకాయండీ. మంచి రకమేలెండి!" అంది సామ్రాజ్యం.

నవ్వు ఆపుకుంటూనే పక్క కొట్టు నుంచి మజ్జిగ తెచ్చి, గుడ్డ తడిపి ఆయన కళ్ల మీద వేశాం. ఆయన స్టూలు మీద కూర్చుని, సాయంత్రం రండమ్మా, మీ రికార్డు నేనే పెడతాను అన్నారు. సామ్రాజ్యానికి పనివేళవుతోంది. అది లేకుండా వినబుద్ధి కాలేదు. మీరు చెప్పండి, నేను పెడతాను అన్నాను.

నా రికార్డు మిషను మీద వేశాను. కళ్లు మూసుకునే ఆయన చెప్పారు. బ్రష్షుతో ముల్లును వెనక నుంచి ముందుకు తుడవాలి. మిషను చేతిని ఎత్తి, చివరి పాట ముందుండే సన్నని ఖాళీ మీదకు తేవాలి. దించినట్టు తెలియకుండా దించాలి. కాయ చిట్లకుండా తొడిమ తీసిన చెయ్యి నాది. అలాగే దించాను.

పాట మొదలైంది. "వదినా, ఇది నా గొంతేనా? పసిపిల్ల గొంతులా ఉందే!" అని సామ్రాజ్యం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, మిరప గుర్తొచ్చి ఆగింది. రెండు చరణాలయ్యాయి. మూడోది ఎత్తుకుంటుండగా, కొట్టు అదిరేలా తుమ్ము.

కళ్ల మీద గుడ్డతో ఉన్న శేషగిరిరావు గారు మాలో ఎవరో తుమ్మామనుకుని, "చిరంజీవ!" అన్నారు.

"కానీండి, కానీండి" అన్నాడు మా ఆయన.

నేనూ సామ్రాజ్యం నవ్వీ నవ్వీ గోడకు ఆనుకున్నాం. ఏమైందో శేషగిరిరావు గారికి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. అంతా విని ఆయన ఆ పాట మళ్లీ పెట్టమన్నారు.

ఆ కొనుగోలులో నాకు తెలిసింది ఇది. బస్తాకైనా మిషనుకైనా అడుగు ఒకటి ఉంటుంది, అక్కడ చూడకుండా బేరం చేయకూడదు. ఇంకొకటి, ముల్లు ముట్టుకునే చేతులు ముందు మజ్జిగతో కడుక్కోవాలి. మా ఇంట్లో మిషను పక్కన ఎప్పుడూ ఒక మజ్జిగ చెంబు ఉంటుంది. సామ్రాజ్యం వస్తే ముందు చెంబే చూపిస్తాను.