మెత్తబడిన ఇంజిన్

పికప్ బండి ఇంజిన్ ఎన్ని కిలోమీటర్లు వస్తుందని మా జహీరాబాద్ అడ్డా మీద ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. రెండు లక్షలు దాటితే పొగ మొదలవుతుందని ఒకరు, మూడు లక్షలకు ఇంజిన్ దింపక తప్పదని ఇంకొకరు, చెరుకు మోసిన బండి అంతవరకు కూడా రాదని మరొకరు. హైవే పక్కన వరసగా నిలబెట్టిన బండ్ల మధ్య, చాయ్ తాగుతూ డ్రైవర్లు చేసే ఈ పంచాయితీ ఎన్నడూ తెగదు. చివరికి అందరూ మా ఆయన వైపు తిరిగేవారు. మా బండి మీటరు నాలుగు లక్షలు దాటి చాలా కాలమైంది, ఇంజిన్ మాత్రం ఒక్కసారి కూడా విప్పింది లేదు. మా ఆయన గ్లాసు కింద పెట్టి, "ఇంజిన్ ఎన్నడు పోవాల్నో అది ముందుగాలనే చెప్తది. ఇనెటోనికి చెవులుండాలె, గంతే," అనేవాడు.

ఆ చెవుల గురించే ఇదంతా రాస్తున్నాను.

బండి మా సొంతమే, కిరాయిలకు తిప్పేవాడు. మొగుడంపల్లి వైపు చేలల్లో తవ్విన అల్లం సంచులు ఎక్కించుకుని హైదరాబాద్ మార్కెట్లో దింపి రావడం ఆయన పని. అల్లం లేని కాలంలో ఉల్లిగడ్డ, కూరగాయలు, పెళ్లి సామాను, ఏది దొరికితే అది. పొద్దున్నే బండి స్టార్ట్ చేసి, తను చాయ్ తాగడం ముగించేదాకా అట్లాగే ఆడనిచ్చేవాడు. చల్లటి ఇంజిన్‌ను పరుగెత్తిస్తే తొందరగా అరిగిపోతుందట. లోడుతో దూరం వచ్చిన బండిని కూడా టక్కున ఆపేవాడు కాదు. ఆయిల్ గడువుకు ముందే మార్చేవాడు. నాకు జ్వరమొస్తే ఒక గోళీ చేతిలో పెట్టి పనికి పోయే మనిషి, రేడియేటర్‌లో నీళ్లు కొంచెం తగ్గినట్టు అనుమానమొస్తే ఆ రోజు కిరాయి వదులుకునేవాడు. "నన్ను గూడ ఆ బండి పక్కకు కట్టెయ్, జర నా మొకం గూడ చూస్తవేమో," అని దెప్పేదాన్ని. నవ్వి, బానెట్ తుడుచుకునేవాడు.

పొద్దున చాయ్ అయ్యాక అసలు పని ఉండేది. బానెట్ ఎత్తి, మరలు తిప్పే పొడుగాటి పేచ్‌కస్ మొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఒకచోట విని, జరిపి ఇంకోచోట వినేవాడు. దవాఖానలో డాక్టరు మన గుండె చూస్తున్నప్పుడు ఎట్లా ఊపిరి బిగబట్టి కూర్చుంటామో, నేను వాకిట్లో చీపురు పట్టుకుని అట్లా నిలబడిపోయేదాన్ని. అడ్డా మీద ఎవరు పాత బండి కొనాలన్నా ముందు ఆయనను తీసుకుపోయి వినిపించేవారు. కాగితాలు తరువాత, బేరం తరువాత, ముందు అన్న చెవి పెట్టాలి. ఆయన "తీస్కో" అంటే తీసుకునేవారు. పెదవి విరిచాడంటే అమ్మేవాడు ఎంత మొత్తుకున్నా లాభం ఉండేది కాదు. దానికి ఆయన పుచ్చుకునేది ఒక చాయ్. చదువు పెద్దగా లేదు, పొలం లేదు. నలుగురు నిలబెట్టి మాట్లాడే మనిషి కావడానికి ఆయనకు ఉన్నది ఆ వినికిడి ఒక్కటే. అది నాకు తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు.

రెండేళ్ల కిందట అనుకుంటాను, అన్నం ముందు కూర్చుని, "ఏమే, ఇంజిన్ మెత్తవడ్తున్నది," అన్నాడు. నాకు అర్థం కాలేదు. "మనుషులు ముసలోళ్లయితే గొణుగుడు ఎక్కువైతది. ఇది చూడు, సప్పుడు తగ్గిచ్చుకుంటున్నది. ఇన్నేండ్లు మంచి ఆయిల్ పోసిన గద, దానికి వట్టింది." ఆ రోజు ఆయన ముఖంలో ఉన్న సంతోషం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. అడ్డా మీద చెప్పాడు. పెళ్లిలో పక్కన కూర్చుని భోంచేస్తున్న ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా చెప్పాడు.

నాకు బండ్ల సంగతి తెలియదు. ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. కానీ ఆ బండి వాకిట్లోకి వస్తుంటే గూట్లో స్టీలు గ్లాసులు గలగలమనేవి. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు మాట ఆపేసి, అది ఆగేదాకా ఎదురు చూసేవారు. "ఏం మెత్తవడ్డదయ్యా, నా చెవులు పల్గుతున్నయి," అన్నాను ఒకసారి, ఆయన ఎదురుగా నిలబడి. "నీకు మిషన్ సప్పుడు తప్ప ఏం ఎర్క?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు మాట్లాడడం మానేశాను. మానేసిన సంగతి ఆయన గమనించినట్టే లేదు, దాంతో ఇంకా మండింది.

పక్క గదిలోంచి పిలిస్తే పలికేవాడు కాదు. టీవీ సౌండు పెంచేవాడు, నేను తగ్గించేదాన్ని, మళ్లీ పెంచేవాడు. ఫోన్లో అవతలివాళ్లు ఏమన్నా "ఆఁ, ఆఁ, అట్లనే" అని పెట్టేసేవాడు. పెళ్లయి ఇన్నేళ్లయ్యాక పెళ్లాం మాట ఏ మొగుడి చెవికెక్కుతుందని మా వీధి ఆడవాళ్లమంతా చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. ఒక్కొక్కరం మా మా ఇళ్లలో మగవాళ్లను ఎట్లా అరిచి పిలవాల్సి వస్తుందో పోటీపడి చెప్పుకునేవాళ్లం. ఆ నవ్వుల్లో మా ఇంటి సంగతి కలిసిపోయింది.

పోయిన అల్లం తవ్వకాలప్పుడు ఒక రోజు నేనూ బండిలో పోయాను. మా అక్కది మొగుడంపల్లి దగ్గరే, ఆమెను చూసి వద్దామని. మధ్యాహ్నానికి లోడు నింపుకుని తిరిగి బయలుదేరాం. చిరాగ్‌పల్లి దగ్గర హైవే ఎక్కేసరికి ఇంజిన్ లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు మొదలైంది. మొదట నెమ్మదిగా, వేగం పెరిగిన కొద్దీ గబగబా. నా కాళ్ల కింద రేకు అదురుతోంది. ఆయన స్టీరింగ్ మీద చెయ్యి వేసుకుని హాయిగా ఉన్నాడు. "చూసినవా, ఇంత లోడున్నా ఎంత సాఫ్‌గ పోతున్నదో," అన్నాడు నా వైపు తిరిగి. నన్ను ఉడికించడానికి అంటున్నాడేమో అని ముఖం చూశాను. ఉడికించే ముఖం కాదు అది.

"ఏమయ్యా, లోపల ఏందో కొట్టుకుంటున్నది, ఆపు," అన్నాను. ఆయన రోడ్డు చూస్తున్నాడు. ఇంకోసారి అరిచి చెప్పేలోపు ఫట్‌మని పెద్ద చప్పుడుతో బండి బిగుసుకుపోయింది. వెనక వస్తున్న లారీ హారన్ మోగించుకుంటూ మమ్మల్ని రాసుకున్నట్టే పక్కనుంచి పోయింది. ఎట్లాగో రోడ్డు పక్కకు చేరాం. కింద నల్లటి ఆయిల్ కారుతోంది. ఆయన దిగి బానెట్ ఎత్తి, పొగలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఒక్క సప్పుడు చెయ్యలే," అన్నాడు నాతో. "ఒక్క సప్పుడు గూడ చెయ్యకుండ ఎట్ల ఆగింది?"

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. ఇంజిన్ తనకు చెప్పకుండా పోయిందని చిన్నబుచ్చుకుని అడుగుతున్నాడు. లారీ అంత దగ్గర నుంచి పోయినా ఆయన తల తిప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. పలకని పిలుపులూ, టీవీ సౌండూ, ఫోన్లో ఆ "ఆఁ ఆఁ"లూ అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. చొక్కా పట్టుకుని ఆయనను రోడ్డు అంచు నుంచి ఇవతలికి లాగాను.

అల్లం వేరే బండికి ఎక్కించి పంపి, మా బండిని తాడు కట్టి జహీరాబాద్‌లో మాకు అలవాటైన మెకానిక్ షెడ్డుకు తెచ్చాం. ఆ మెకానిక్‌ను అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. ఇంజిన్ దింపి విప్పితే, అడుగున మిగిలిన ఆయిల్‌లో ఇనుప రజను మెరుస్తోంది. బేరింగులు అరిగి పల్చటి రేకుల్లా అయ్యాయి. "నెలల సంది కొట్టుకుంటుండాలె గిది," అన్నాడు ఉస్తాద్. "అన్నా, నీకు ఇనవడలేదా?"

మా ఆయన అతని నోటి వైపే చూశాడు. "మెత్తగనే ఉండె గద," అన్నాడు.

ఉస్తాద్ నన్ను పక్కకు పిలిచాడు. "అడ్డా మీద అందరికి ఇనవడ్డది వదినమ్మా. నాకు గూడ ఇనవడ్డది. అన్న రోజు చెవి వెట్టి చూస్తడు గద, ఆయనకు తెల్వనిది మనకు తెలుస్తదా అనుకున్నం. మెత్తవడ్డది అంటె, మా చెవులల్లనే ఏదో లోపమున్నది అనుకున్నం అందరం." నాకు కోపం నెత్తికెక్కింది. పొద్దున లేస్తే ఇంజిన్ల మధ్య బతికే ఇంతమంది మగవాళ్లు, ఒక మనిషి మీద గౌరవంతో తమ చెవులను తామే నమ్మలేదు. ఒక్కరు నోరు విప్పి ఉంటే ఎంత బాగుండేది. అదే మాట అతని ముఖం మీద అనేశాను. పాపం, తల వంచుకుని విన్నాడు.

సంగారెడ్డిలో చెవుల డాక్టరుకు చూపించాం. పరీక్ష చేసే గదిలో మా ఆయన బుద్ధిగా కూర్చున్నాడు, వినిపించినప్పుడు చెయ్యి ఎత్తమన్నారు. గాజు కిటికీలోంచి నేను చూస్తున్నాను. ఆ చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది, ఎప్పుడో ఒకసారి లేచింది. "నరం దెబ్బతిన్నదమ్మా," అన్నాడు డాక్టరు. "కిటికీ తెరుచుకుని, ఆ చప్పుడులో ఇన్నేళ్లు నడిపితే కొందరికి ఇట్లాగే అవుతుంది. పోయింది తిరిగి రాదు. చెవికి మిషన్ పెట్టుకుంటే కొంత వినిపిస్తుంది. హైవే మీద బండి నడపడం మాత్రం ఇక వద్దు." ఇంజిన్ ఎన్నాళ్లు వస్తుందని అడ్డా అంతా లెక్కలు కట్టింది. దాని పక్కన కూర్చున్న మనిషి చెవులు ఎన్నాళ్లు వస్తాయని ఎవరూ అడగలేదు.

"ఏమంటున్నడు?" అని అడిగాడు మా ఆయన. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అన్నీ చెప్పాను, చివరి మాట ఒక్కటి తప్ప.

మిషన్ కొన్నాం. కొన్నాళ్లు పెట్టుకున్నాడు. పళ్లెం కింద పెడితే ఉలిక్కిపడేవాడు. అడ్డాకు పోయి పక్కవాళ్ల బండి దగ్గర నిలబడి విని వచ్చాడు. "గది ఇంజిన్ సప్పుడు కాదే. డబ్బల రాళ్లేసి ఊపినట్టున్నది," అని మిషన్ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ తరువాత అది ఎక్కువగా జేబులోనే ఉండేది.

అరిగిన సిలిండర్లకు బోరు చేయించి, కొత్త పిస్టన్లు, బేరింగులు వేసి కడితే ఇంకా చాలా ఏళ్లు నడుస్తుందని ఉస్తాద్ అన్నాడు. మా ఆయన వెంటనే సరేనన్నాడు. రోజూ పొద్దున్నే షెడ్డుకు పోయి, పాత టైరు మీద కూర్చుని, ఒక్కొక్క సామాను డీజిల్‌తో కడిగి తుడిచేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, కట్టడం ఎంతవరకు వచ్చిందో చెప్పేవాడు. ఏ రైతు అల్లం ఇంకా తవ్వలేదో, మొదటి కిరాయి ఎవరిదో కూడా చెప్పేవాడు. ఈ రోజు చెప్పాలి, నువ్వు ఇక నడపొద్దని చెప్పాలి అనుకుని అన్నం వడ్డించేదాన్ని. చెప్పాలంటే అరవాలి. ఆ మాటను అరిచి ఎట్లా చెబుతారు? వీధంతా వింటుంది. రాసి చూపిద్దామన్నా చెయ్యి రాలేదు. లోపల ఏడుస్తూనే, "ఇంకొంచెం పప్పు ఏస్కో," అని సైగ చేసేదాన్ని.

ఇంజిన్ ఎక్కించిన రోజు నన్ను కూడా రమ్మన్నాడు. కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు కుంకుమ పట్టుకుని పోయాను. అడ్డా నుంచి కూడా కొందరు వచ్చారు. మా ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, ఎత్తిన బానెట్‌కు కొంచెం దూరంగా నిలబడ్డాడు. కొబ్బరికాయ కొట్టాక ఉస్తాద్ ఎక్కి కూర్చుని తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే అందుకుంది. నిజంగా మెత్తగా ఉంది. పక్కన మాట్లాడుకుంటే వినిపించేంత మెత్తగా. ఉస్తాద్ ముఖం విప్పారింది. అందరూ మా ఆయన ఏమంటాడో అని చూశారు.

ఆయన కాసేపు ఎదురు చూశాడు. ఆ తరువాత చెయ్యి ఊపి, "ఇంకేంది ఉస్తాద్, స్టార్ట్ చెయ్," అన్నాడు.

ఉస్తాద్ కిటికీలోంచి నా వైపు చూశాడు, నేను చూపు తప్పించాను. మా ఆయన మా ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. తరువాత రెండడుగులు ముందుకు వేసి, వంగి లోపలికి చూశాడు. ఫ్యాన్ తిరుగుతోంది. చాలాసేపు అట్లాగే వంగి చూస్తూ ఉండిపోయాడు.

లేచి, నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "మంచిగున్నదా?" అని అడిగాడు.

ఇన్నేళ్లలో ఆ బండి గురించి ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. "మంచిగున్నది," అన్నాను. ఆయన నా పెదవులనే చూస్తున్నాడు. ఇంకోసారి గట్టిగా అన్నాను, "శాన మంచిగున్నది."

తల ఊపాడు. ఇంజిన్ కట్టాక మొదటి చుట్టు బండి సొంతదారే నడపాలి, మా దగ్గర అది పద్ధతి. ఉస్తాద్ దిగి, తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. మా ఆయన బానెట్ మూసి, దాని మీద ఒకసారి అరచెయ్యి ఆనించాడు. తరువాత ఆ తెరిచిన తలుపు వైపు పోకుండా, ముందు నుంచి ఇటు చుట్టు తిరిగి వచ్చి, ఎడమ పక్క తలుపు తీసి, నేను కూర్చునే సీట్లో కూర్చున్నాడు.

"నువ్వే నడుపు ఉస్తాద్," అన్నాడు, ముందుకే చూస్తూ.