అమ్మ చేతికి ఎండ

కళ్లు మూసుకుంటే ఇప్పటికీ ఆ నీలం వెలుగే ముందు కనిపిస్తుంది. గుంటూరులో చర్మం డాక్టరు గారి దగ్గర పెట్టె లాంటి యంత్రం, అందులో వరసగా ట్యూబులైట్లు. అమ్మ నల్లద్దాలు పెట్టుకుని, బొల్లి మచ్చలు వచ్చిన కుడిచేతిని అందులో ఉంచి కూర్చునేది. నేను మా పాపను ఒళ్లో వేసుకుని బయట బల్ల మీద నుంచి తలుపు సందులోంచి చూసేదాన్ని. అమ్మ నీళ్ల అడుగున ఎక్కడో ఉన్నట్టు, నేను గట్టున ఉన్నట్టు అనిపించేది. హాయిగా నిద్ర ముంచుకొచ్చేది.

"ఆ నీలం కాదమ్మా పనిచేసేది. అతినీలలోహిత కిరణాలని, కంటికి కనపడవు. ఎండలో ఉండేవే, మేం కొలిచి ఇస్తాం," అన్నారు డాక్టరు గారు.

"ఎండకి కాయ తెల్లబడిద్ది గానీ, తెల్లబడ్డ కాయకి రంగొచ్చిద్దా ఎక్కడన్నా?" అని అమ్మ తిరుగు బస్సులో అందరికీ వినపడేలా అంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మిరప కల్లాల్లో బతికిన మనిషి మరి! అయినా ఒక్కసారీ మానలేదు. పాప అన్నప్రాశన దగ్గరపడుతోంది. మా ఇంట్లో తొలి ముద్ద అమ్మమ్మే పెట్టాలి. మా అత్తగారేమో, "ఆ చేత్తోనా? పసిదానికి అంటుకుంటే?" అనేసింది. అది అంటుకునేది కాదని డాక్టరు గారు ఎంత చెప్పినా, అమ్మ ఆ రోజు నుంచి పాపను ఎత్తుకోవడమే మానేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

కొన్నాళ్లకు మణికట్టు దగ్గర, వెంట్రుకల మొదళ్లలో, ఆవగింజలంత గోధుమరంగు చుక్కలు తేలాయి. అమ్మ వాటిని మాటిమాటికీ తడుముకునేది. దాంతో తొందర పుట్టింది.

"ఆ దీపంలో ఉండేదీ ఎండేనంటగా. మన కల్లంలో ఎండకేం కరువు?" అని, మిట్టమధ్యాహ్నం ఆరబోసిన మిరపకాయల పక్కన పట్టా మీద చెయ్యి చాపుకుని కూర్చుంది. కాయలు తిరగేసినట్టే చేతినీ తిరగేసింది. పొద్దుగూకేసరికి బొబ్బలు.

"ఓసి నా తల్లో, నువ్వేమన్నా మిరపకాయవా!" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. పుండ్లు మానేదాకా దీపం వద్దన్నారు డాక్టరు గారు.

అన్నప్రాశన నాటికి పుండ్లు మానాయి గానీ వేళ్లు తెల్లగానే ఉన్నాయి. చుట్టాలంతా కూర్చున్నారు. అమ్మ వంటింటి గడప దాటలేదు.

"నువ్వే పెట్టెయ్యవే," అంది.

పాపను మా ఆయన చేతికిచ్చి, అమ్మను రెక్క పట్టుకుని లాక్కొచ్చి అందరి మధ్యా కూర్చోబెట్టాను. పరమాన్నం గిన్నె ఆమె ముందుకు జరిపి నోరు తెరిచాను.

"ముందు నాకు పెట్టు."

అమ్మ మా అత్తగారి వంక చూసింది, నా వంక చూసింది. ముద్ద తీసి పెట్టింది. ఆ వేళ్లకంటిన మెతుకులు కూడా వదలకుండా తిన్నాను.

"ఇప్పుడు దానికి పెట్టమ్మా," అన్నాను.

పాప అప్పటికే నోరు తెరుచుకుని ఉంది.