బామ్మర్ది ర్యాపూ, ఊరి పెద్ద నిద్రా

మైపాడు పక్కన మా పల్లెలో ర్యాప్ పాడే మనిషి ఒక్కడే. ఆ ఒక్కడూ మా బామ్మర్ది కావడం నా జాతక దోషం. నెల్లూరికి ఆటో తోలుతాడు. ఆటో వెనక ఆటోకంటే పెద్ద స్పీకర్ పెట్టె బిగించాడు. అది మోగితే అల్లూరు గుంటల్లో రొయ్యలు మీసాలు సవరించుకునేవి. ఎక్కడివో అమెరికా వీధుల పాటలు ఫోన్లో విని తనూ ఒకటి కట్టాడు:

"చూసింది కడుపులో దాచెయ్, ఖాకీ అడిగితే నోరు మూసెయ్."

పాలు తాగే పిల్లలకు కూడా కంఠతా వచ్చేసింది.

చిక్కల్లా సాధన చేసే వేళతోనే. తెల్లారకముందే చేపల వేటకు పోయే పల్లె మాది; మధ్యాహ్నమే మాకు రాత్రి. వీడు సరిగ్గా అప్పుడే అందుకునేవాడు. మూడు వారాలు ఓర్చుకున్న ఊరి పెద్ద, ఒకరోజు వీడు అన్నానికి ఇంట్లోకి పోగానే, పెట్టె ఊడదీసి పడవలు లాగిన భుజం మీద పెట్టుకుని పోయాడు. ఆ మోతకు నిద్ర పట్టక వలలు బాగుచేస్తున్న నలభై మందీ చూశారు. నేనూ చూశాను.

మర్నాడే అల్లూరులో పెళ్లి రిసెప్షన్. పాడమని వాడికి వచ్చిన మొదటి పిలుపు. పెట్టె లేకపోతే పాట లేదు. ఏ గొడవైనా ముందు ఊరి పెద్దకు చెప్పుకోవాలన్నది మా కట్టుబాటు. కంగారులో అది మరిచి, వాడు స్టేషన్‌కు పరిగెత్తి కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

"ఎవురన్నా చూసినారా?" అన్నాడు కానిస్టేబుల్.

నలభై తలలు వలల్లోకి వంగాయి. మా వాడు చేపలమ్మే అవ్వను బతిమాలాడు.

"నోరు మూసుకోమని మూడు వారాలుగా మొత్తుకునింది నువ్వే గదరా అబ్బయా. ఇప్పుడు తెరవమంటే ఎట్లా?" అంది అవ్వ.

వాడు నావైపు తిరిగాడు. "బావా, నువ్వు రాసేవాడివి. అబద్ధం ఆడవు."

ఆ మాటకు నవ్వనివాడు కానిస్టేబుల్ ఒక్కడే. ఊరికి కొత్త, పాపం.

"నాకు చూపానదు సార్" అన్నాను. పెట్టె మోస్తూ ఊరి పెద్ద నా కాలి బొటనవేలు తొక్కుకుంటూ పోయిన సంగతి దాచాను.

కానిస్టేబుల్ వెళ్లిపోయాక వాడికి కట్టుబాటు గుర్తొచ్చింది. నన్ను తోడు తీసుకుని ఊరి పెద్ద ఇంటికి పోయాడు. పెట్టె ఆయన మంచం కిందే ఉంది. పట్టక, మంచమే మూరెడు పైకి లేచింది.

"నాకాడికి రాకుండా టేషన్‌కి పోతివే. సర్లే. నీ పెట్టె ఎవురు ఎత్తకపోయిందీ నీకేమన్నా తెలుసా?"

మా వాడు మంచం కింద చూశాడు. ఆయన మీసాలు చూశాడు. అల్లూరు పెళ్లి తలచుకున్నాడు.

"తెలీదు మామా."

"అట్లయితే తీసకపో. పొద్దు వాలినాక పాడుకో."

చెరో కొసా పట్టుకుని రొప్పుతూ మోసుకొచ్చాం. దారిలో ఒక చెయ్యి వెయ్యమని అడిగితే, నలభై మందిలో ఒక్కరికీ పెట్టె కనపడలేదు.