తొంభై ఒక్క సెకన్ల ఫ్రిజ్

జేబులో సుద్దముక్క లేకపోతే రొజేర్ పెల్షా దిండు కూడా ఎత్తడు. మాంట్రియల్‌లో ముప్పయ్యేళ్లుగా ఇళ్ల సామాను మోస్తున్న మనిషి. ఎప్పుడో సాయంకాలపు బడిలో ఒకే ఒక్క పాఠం బుర్రకెక్కింది. ఎంత బరువును ఎంత ఎత్తుకు చేర్చామో లెక్కగడితే అది పని, ఆ పనిని పట్టిన సెకన్లతో భాగిస్తే సామర్థ్యం. ఆ పాఠం మళ్లీ దిగలేదు. బీరువా అయినా పియానో అయినా ముందు టేపుతో మెట్ల ఎత్తు కొలవాలి, కింది మెట్టు మీద సుద్దతో జౌళ్లూ వాట్లూ తేల్చాలి, నోటుపుస్తకంలోకి ఎక్కించాలి. ఆ తర్వాతే చేతులకు తొడుగులు.

జట్టులో రెండోవాడు ఇవాన్ త్రెపానియే. అతని అవస్థ పగవాడికి కూడా వద్దు, ఎందుకంటే రొజేర్ అతన్ని కూడా లెక్కలో వేస్తాడు.

"మోసేది సోఫాని కదన్నా, మధ్యలో నన్నెందుకు కలుపుతావ్?"

"నువ్వేమన్నా గాల్లో ఎగిరొస్తావా? నీ ఎనభై కిలోలూ పైకెక్కాల్సిందే. పొద్దున ఏం తిన్నావ్?"

"రెండు గుడ్లు, కాసిని బీన్సు."

"అర కిలో వేస్తున్నా."

ఇవాన్ పళ్లు నూరుకునేవాడు. అతనికి వేరే దిగులుంది. చలికాలంలో గుండెకు ఆపరేషన్ అయింది. డాక్టరు సైకిలు తొక్కించి చూసి, పనికి వెళ్లొచ్చు గాని వంద వాట్లు దాటకూడదని కాగితం రాసిచ్చాడు. పని ఎక్కడ ఊడుతుందోనని, పిత్తాశయంలో రాళ్లు తీశారని అందరికీ అబద్ధం చెప్పి మార్చిలో మళ్లీ పనిలో చేరాడు. వంద వాట్లంటే ఎంతో అతనికి తెలియదు. ఊరు మొత్తంలో అది చెప్పగలిగినవాడు రొజేర్ ఒక్కడే, అతన్ని అడిగితే గుట్టు రట్టవుతుంది.

జూలై ఒకటి వచ్చింది. ఆ రోజు సగం ఊరు ఇల్లు మారుతుంది. పాతవాళ్లు దిగకముందే కొత్తవాళ్లు మంచాలతో మెట్లెక్కుతారు, ఎవరి ఫ్రిజ్ వాళ్లే మోయించుకుపోతారు. పొద్దున్నే కంపెనీ యజమానురాలు మదాం పాకెట్ తేల్చి చెప్పింది.

"ఆరింటికల్లా అయిదిళ్లూ అయిపోవాలి. లేకపోతే మీ ఇద్దర్నీ విడగొట్టేస్తా. ఇవాన్ కుర్రాళ్ల జట్టులోకి, ఈ సుద్దముక్కాయన గోడౌన్‌లోకి."

కుర్రాళ్ల జట్టు మెట్ల మీద నడవదు, పరిగెత్తుతుంది. ఇవాన్ గుండెలో రాయి పడింది.

నాలుగిళ్లు అయ్యాయి. అయిదో ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే మిగిలింది. మూడో అంతస్తు, వీధిలోంచి మెలితిరిగి పైకి పోయే ఇనుపమెట్లు. ఆరుకి ఇంకా ఏడు నిమిషాలున్నాయి. రొజేర్ గొంతుక్కూర్చుని సుద్ద తీశాడు.

"అన్నా, నీకు దణ్ణం పెడతా. ఇవాళ్టికి అది వదిలెయ్. ఒక్క నిమిషంలో పైకి పడేద్దాం."

"కుదరదు. ఎత్తు ఏడు మీటర్లు. ఫ్రిజ్ నూట ఇరవై కిలోలు. కింద పట్టుకునేవాడికి డెబ్బై, నీకు యాభై. తొంభై సెకన్లు పడుతుంది."

"నిమిషంలో ఎక్కితే పని తగ్గిపోతుందా?"

"పని అంతే ఉంటుంది. ఒంటి మీద పడే దెబ్బ పెరుగుతుంది. నన్ను గోడౌన్‌లో పడేసినా సరే, తొంభైకి తగ్గను."

ఇవాన్‌కి ఒళ్లు మండింది. నోటుపుస్తకం లాక్కుని వీధిలోకి విసరబోయాడు. గాలికి పేజీలు తిరిగాయి. ప్రతి పేజీలో రెండు గడులు, ఒకదానిపైన రొజేర్, రెండోదానిపైన ఇవాన్. నిరుటి పేజీల్లో ఇవాన్ కింద నూట నలభై ఎనిమిది, నూట యాభై. మార్చి నుంచి తొంభై తొమ్మిది, తొంభై ఏడు, తొంభై ఎనిమిది. ఒక్కటంటే ఒక్కటీ వంద దాటలేదు. రొజేర్ కింద మాత్రం నూట ఇరవైకి తగ్గింది లేదు.

"ఎవరు చెప్పారు నీకు?"

"మార్చిలో లారీలో కోటు మర్చిపోయావు. మడతపెడుతుంటే జేబులోంచి కాగితం పడింది." రొజేర్ తల దించుకుని సుద్దపొడి దులుపుకున్నాడు. "వాట్లు రాసున్న కాగితాన్ని చదవకుండా నేనెట్లా ఉంటానురా?"

ఇవాన్ మార్చి నుంచి ఒక్కో పేజీ తిప్పి చూశాడు. నాలుగు నెలలుగా ఈ మనిషిని తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. పుస్తకాన్ని తన జేబులోనే పెట్టుకుని, పట్టీ భుజానికి తగిలించుకుని, పైభాగం పట్టుకున్నాడు. ఆరుకి ఇక మూడు నిమిషాలే ఉన్నాయి.

పైన పిల్లిని చంకనేసుకుని నిలబడ్డ ఇంటాయన కేకేశాడు. "ఇంకెంతసేపయ్యా?"

ఈసారి జవాబు ఇవాన్ చెప్పాడు. "తొంభై సెకన్లండీ. ఒక్కటి కూడా తగ్గదు."

"తొంభై ఒకటి," కిందనుంచి ఫ్రిజ్ వెనకాల గొంతు వినిపించింది. "మధ్యాహ్నం గిన్నెడు పుటీన్ తిన్నావు."