పాట రాని క్యాసెట్టు

పెనుకొండలో ధర్మవరం ప్రైవేటు బస్సెక్కితే ఒక్క సీటే మిగిలింది. అందులో గిటారు కూర్చుంది. పక్కనున్న యువకుడు దాన్ని ఒళ్ళోకి లాక్కుని నాకు చోటిచ్చాడు. ఇది తొంభై తొమ్మిది నాటి మాట.

"యాడికప్పా?"

"ధర్మవరం సార్. క్యాసెట్టు అంగడికి."

పేరు నవాజ్, ఊరు హిందూపురం. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. చరణానికీ చరణానికీ మధ్య దొరికే సందులోనే అతని గిటారుకు బతుకు. ఆ సందులో కాస్త ఎక్కువసేపు నిలిస్తే, పాడే జయరామ్ మైకులోనే, "చాలప్పా, పెండ్లికొడుకు ముసిలోడైతాండాడు!" అనేవాడట. ఒకనాడు స్టేజీ దిగి వచ్చేశాడు. బెంగళూరు పోయి, తానొక్కడే రాక్ సంగీతం వాయించి క్యాసెట్టు చేయించాడు. హిందూపురంలో కొన్నవాళ్ళు, అందులో పాడే గొంతు పడలేదు, మార్చిమ్మని తెచ్చిచ్చారు.

"ధర్మవరంలోనూ వద్దంటే?"

"జయరామన్న నా తావులో ఇంకా ఎవుర్నీ పెట్టుకోలేదు సార్," అన్నాడు కిటికీ వైపు తిరిగి.

వాళ్ళ నాయన బుడన్‌సాబ్ దూది ఏకేవాడు. దూది ఏకే వింటి నారి టంగుమంటే వీధి ఆడవాళ్ళు పాత దిండ్లు మోసుకొచ్చేవారు. మన సీమలో ఏ మోతైనా ఏదో ఒక పనికి పిలుపు. డప్పు మోగితే వెనకే చాటింపు రావాలి. మన దగ్గరే కాదు, నర్మద ఒడ్డున ఒక బైరాగి పొద్దస్తమానం ఒంటితీగ మీటుతుంటే, "ఏ దేవుడికి స్వామీ?" అని జనం అడగడం విన్నాను. ఉత్త మోతను ఎవరూ నమ్మరు.

నేనే కండక్టరు సంజీవప్పకు చెప్పి నవాజ్ క్యాసెట్టు బస్సు టేపులో పెట్టించాను. గిటారు గర్జించింది.

"స్పీకరు చినిగిండాది!" అని డ్రైవరు అరిచాడు.

"చినగలేదన్నా. అట్లే వాయించినా."

ముందు సీట్లో అవ్వ వెనక్కి తిరిగింది. "మేళం బాగుండాది నాయనా. పాటెప్పుడొస్తాది?"

"పాట లేదవ్వా."

"లేకుంటే ఇంతసేపు ఎందుకు కాసుకోని ఉంటిమి?"

అంతలో సంజీవప్ప, "కొత్తచెరువూ... దిగేటోళ్ళూ..." అని కేకేశాడు. కేక సరిగ్గా తాళంలో పడింది. అతనికే నవ్వొచ్చి, ఈసారి రాగం తీశాడు. "మూటలెత్తుకో, పిల్లోళ్ళనెత్తుకో, కొత్తచెరువూ!" బస్సంతా చప్పట్లు. అవ్వ, "ఆఁ, ఇప్పుడొచ్చె పాట!" అంది. నా వేళ్ళూ కడ్డీ మీద తాళం వేస్తున్నాయి.

నవాజ్ వేళ్ళు గిటారు సంచి మీద కదులుతున్నాయి. సంజీవప్ప గొంతెత్తినప్పుడల్లా అవి తగ్గి దారి ఇస్తున్నాయి, గొంతు ఆగగానే సందులోకి దూరుతున్నాయి. అలవాటు. అతను తన చేతిని చూసుకున్నాడు. పిడికిలి బిగించాడు.

బస్సు ఆగింది. ధర్మవరం టికెట్టు జేబులో ఉండగానే గిటారు భుజానికేసుకుని దిగాడు.

"నవాజ్, క్యాసెట్టప్పా!" అన్నాను.

రోడ్డు దాటి, హిందూపురం బస్సులు ఆగే వైపు నడిచిపోయాడు.