మోగేది గాలే

మా అత్తమ్మ భాషలో గాలి ఒకటి కాదు, రెండు. ఫ్యాను వేస్తే వచ్చేది ఒకటి, మనిషికి సోకితే తాయెత్తు కట్టించాల్సింది రెండోది. దుమ్ముగూడెంలో మేం కిరాయికి దిగిన ఇంట్లో ఆ రెండోది ఉందని ఆమె రాగానే తేల్చేసింది. పొద్దుగూకే వేళ గోదావరి వైపు నుంచి చల్లగా వీచడం మొదలైందంటే చాలు, వాకిట్లో ఎవరో మూలిగినట్టు "ఊఁ..." అని వినపడేది. నేనూ విన్నాను. కుళాయి పైపులనుకున్నాను, పక్కింటి రేకులనుకున్నాను. ఎంత వెతికినా అదేంటో దొరకలేదు.

ఇక ఈ ఇంట్లో ఉండలేనని, తన ఊరు వైరా వెళ్లిపోతానని ఆమె సంచి సర్దుకుంది. మా ఆయన రోడ్డు పనుల మీద వారమంతా చర్లలోనే ఉంటాడు. ఆదివారం సాయంత్రం ఆయన రాగానే బండి మీద భద్రాచలం బస్టాండులో దింపాలట. అదే జరిగితే నా పని అయిపోయినట్టే. నాది దవాఖానాలో నర్సు డ్యూటీ, వేళాపాళా ఉండదు. ఆరో తరగతి పిల్లను ఎవరి దగ్గర వదలాలి? అత్తమ్మ లేకపోతే ఉద్యోగం మానుకోవడం తప్ప నాకు దారి లేదు. బతిమాలాను, అలిగాను, చివరికి నోరు కూడా చేసుకున్నాను. ఆమె మాత్రం సంచి విప్పలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి వంటింట్లో ఖాళీ కూల్‌డ్రింకు గాజు సీసాలు వరసగా పెట్టి, ఒకదాంట్లో అడుగున కాసిని, ఒకదాంట్లో సగం, ఇంకోదాంట్లో ముప్పాతిక నీళ్లు పోసింది. ధ్వని పాఠం హోంవర్కట. కింది పెదవికి సీసా మూతి ఆనించుకుని మెల్లగా ఊదింది.

"ఊఁ..."

ముందు గదిలోంచి అత్తమ్మ గొంతు వణికింది. "అమ్మో, పట్టపగలే వచ్చింది."

నా ఒళ్లు ఝల్లుమంది, భయంతో కాదు. అదే మూలుగు. అచ్చం అదే! సీసా లాక్కుని నేనూ ఊదాను. తుస్సుమంది. లోపలికి కాదమ్మా, మూతి మీదుగా ఊదాలని పిల్ల నేర్పితే అప్పుడు మోగింది. నీళ్లు ఎక్కువున్న సీసాను ఊదితే సన్నటి గొంతు, తక్కువున్నదాన్ని ఊదితే బొంగురు గొంతు. అవే సీసాల్ని చెంచాతో కొడితే అంతా తలకిందులు. ఎక్కువున్నది బొంగురు, తక్కువున్నది సన్నం. ఇదేం చోద్యమని కొట్టాను, ఊదాను, మళ్లీ కొట్టాను. నర్సింగు దాకా చదివిన దాన్ని, ఇది నా చేతుల్తో నేనెప్పుడూ చూడలేదు. చిన్నపిల్లనైపోయాను.

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ అత్తమ్మకు పిల్ల పాఠం మొదలుపెట్టింది. కొడితే సీసా, నీళ్లు కలిసి వణుకుతాయి, నీళ్ల బరువు పెరిగేకొద్దీ గొంతు దిగుతుంది. ఊదితే వణికేది పైన ఖాళీలో ఉన్న గాలి, ఖాళీ చిన్నదైతే గొంతు సన్నబడుతుంది. అంతా చక్కగా చెప్పి, చివర్లో కొంప ముంచింది.

"మన వాకిట్ల మోగేది గూడ గాలే నానమ్మా."

"సూసినవా, పిల్లకు గూడ తెల్సిపోయింది" అని అత్తమ్మ సంచి అందుకుంది.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఈమెకు మాటలతో లాభం లేదు, సీసాను చూపించాల్సిందే. వాకిట్లో ఊదేది ఏటిగాలి, సరే. మరి సీసా ఏది? పిల్లా నేనూ బయటికి ఉరికాం. నీళ్ల గోళెం వెనక, గోడ మీద, చెప్పుల గూట్లో వెతికాం. విసుగొచ్చి తలెత్తాను. మా పందిరి గుంజలు అడవి వెదురువి. వాటి కొసలు పందిరి దాటి జానెడు పైకి లేచి, నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. లోపల కణుపు దగ్గర అడుగు మూసుకుపోయి ఉంటుంది. ఇంకేం కావాలి, సీసాలే కదా!

ఇక గాలి రావాలి. ఆకు కదలదు. మా ఆయన బయల్దేరానని ఫోన్ చేశాడు. జల్దీ రాకు అని చెప్దామనుకుని ఊరుకున్నాను. చివరికి పొద్దు వాలాక ఏటి వైపు నుంచి చల్లగా తగిలింది, గుంజ మూలిగింది. స్టూలు వేసి అత్తమ్మను పిలిచాను.

"ఒక్కసారి మీ చెయ్యి పెట్టి చూడుండ్రి. అది ఆగకపోతే నేనే మిమ్మల్ని బస్సెక్కిస్త."

పిల్ల ఒక వైపు, నేనొక వైపు పట్టుకుంటే ఎక్కింది. కళ్లు మూసుకుని బొంగు నోటి మీద అరచెయ్యి పెట్టింది. మూలుగు ఆగిపోయింది. తీసింది, మొదలైంది. పెట్టింది, ఆగింది. ఆమె కళ్లు తెరిచి మా వైపు చూసిన చూపుకి నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"ఇది ఫ్యాను గాలేనే" అంది మెల్లగా.

అంతలో మా ఆయన దిగాడు. సంగతి విని, బొంగుల్లో ఇంత మట్టి కూరితే సరిపోతుంది కదా అన్నాడు. ఆ వెంటనే, సంచి ఏదమ్మా, బస్సు టైమవుతోందన్నాడు. అత్తమ్మ స్టూలు మీంచి కిందికి కూడా చూడలేదు.

"బండి లోపల పెట్టు. రేపు దీనికి డ్యూటీ ఉంది, పిల్లను నేను సూస్కోవాలె."